సందేహం ఎవరి పక్షం? మాజీ సైనికుల వైకల్య పింఛన్లలో వైద్యుని అభిప్రాయం

కిందటి శీతాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం మిష్రిఫ్‌లోని మా ఇంటికి ఒక మాజీ హవల్దారు వచ్చారు. పశ్చిమ గోదావరి జిల్లావారు. కువైత్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా పని చేస్తున్నారు. మిత్రుడొకరు పంపితే వచ్చిన ఆయన, కుశలప్రశ్నలయ్యాక సంచిలోంచి ఒక పాత ఫైలు తీసి బల్ల మీద పెట్టారు. 1994లో సైన్యంలో చేరారు. 2006లో లేహ్ ప్రాంతంలో ఉండగా రక్తపోటు బయటపడింది. 2011లో పదిహేడేళ్ళ సర్వీసు తరువాత బయటికి వచ్చారు. వచ్చేముందు మెడికల్ బోర్డు ఆయనను పరీక్షించి, వైకల్యం 30 శాతమనీ, అది జీవితాంతం ఉంటుందనీ నిర్ణయించింది. ఆ కింద ఒక్క వాక్యం: ఇది సైనిక సేవ వల్ల కలిగినదీ కాదు, సేవ వల్ల ముదిరినదీ కాదు. కారణం రాయవలసిన గడిలో ఉన్నది 'శరీరతత్వానికి సంబంధించిన రుగ్మత' అన్న మాట మాత్రమే. ఆ వాక్యం వల్ల ఆయనకు సర్వీసు పింఛను వచ్చింది కాని, వైకల్య పింఛను రాలేదు.

"డాక్టరుగారండీ, చేరేటప్పుడు నాకు బీపీ లేదని రాసిందీ వాళ్ళేనండి. పంపించేటప్పుడు ఉందని రాసిందీ వాళ్ళేనండి. మరి ఆ పదిహేడేళ్ళూ నేనెక్కడున్నట్టండి?" అని అడిగారాయన.

నేను సైన్యంలో పని చేయలేదు. అయినా ఆ ప్రశ్న నన్ను ఇబ్బంది పెట్టింది. ముప్పయ్యేళ్ళ కిందట, ఎం.బి.బి.ఎస్. ముగించి ఒక ప్రభుత్వాసుపత్రిలో కొత్తగా చేరిన రోజుల్లో, ఆయాసంతో వచ్చిన ఒక రైసుమిల్లు కార్మికుడి పరిహారపు కాగితం మీద నేను కూడా అలాంటి వాక్యమే రాశాను. ఆయన ఇరవయ్యేళ్ళు ఊకదుమ్ములో పని చేశాడు. బీడీలూ కాల్చేవాడు. నేను బీడీలను చూశాను, దుమ్మును చూడలేదు. 'పనితో సంబంధం లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఎందుకు లేదో రాయలేదు. రాయమని ఎవరూ అడగలేదు కూడా.

ఆ ఫైలు చూశాక ఈ విషయం మీద కొన్ని నెలల పాటు చదివాను. ఆ చదువులో తేలినదే ఈ వ్యాసం. స్థూలంగా నేను చెప్పదలచినది ఇది: వైకల్య పింఛను కోసం జరిగే వైద్యపరీక్షలో చివరికి ఎంతో కొంత సందేహం మిగిలే తీరుతుంది. ఆ సందేహం సైనికుని పక్షాన ఉండాలా, ప్రభుత్వపు పక్షాన ఉండాలా అన్నది వైద్యశాస్త్రం తేల్చే విషయం కాదు, చట్టం తేల్చవలసిన విషయం. నూరేళ్ళలో చట్టం దాన్ని క్రమంగా సైనికుని వైపు జరుపుతూ వచ్చింది. కారణం రాయని వైద్యుడు తనకు తెలియకుండానే దాన్ని వెనక్కి నెడుతున్నాడు.

రోగనిర్ధారణ వేరు, అభిప్రాయం వేరు

చికిత్స చేసే వైద్యుడి ముందున్న ప్రశ్న 'ఇప్పుడేం చెయ్యాలి?' అన్నది. మెడికల్ బోర్డులో కూర్చున్న వైద్యుడి ముందున్న ప్రశ్న 'ఇది ఎక్కడినుంచి వచ్చింది?' అన్నది. మనకు కళాశాలలో నేర్పినది మొదటిది. రక్తపోటు ఉన్న మనిషి వస్తే మందు నిర్ణయించడానికి ఆ రక్తపోటు కొండల మీద మొదలైందా, పొలం గట్టు మీద మొదలైందా అన్నది పెద్దగా అవసరం లేదు. పింఛను అధికారికి కావలసిందల్లా అదే.

ఏ దేశపు చట్టం చూసినా ఈ పరీక్షలో ఉండేవి నాలుగు ప్రశ్నలు. ఇప్పుడు రోగం కాని వైకల్యం కాని ఉన్నదా? సేవాకాలంలో ఏం జరిగింది? ఆ రెంటికీ సంబంధం ఉన్నదా? వైకల్యం ఎంత శాతం? మొదటిది పూర్తిగా వైద్యుని విషయం. రెండవది రికార్డుల విషయం. నాలుగవదానికి పట్టికలున్నాయి. చిక్కంతా మూడవ ప్రశ్నతోనే వస్తుంది. వైద్యశాస్త్రం కారణాలను సమూహాలలో వెతుకుతుంది. పొగ తాగే లక్షమందిలో ఎందరికి ఊపిరితిత్తుల క్యాన్సరు వస్తుందో చెప్పగలం. ఎదురుగా కూర్చున్న ఈ ఒక్క మనిషికి పొగ వల్లే వచ్చిందా అంటే కచ్చితంగా చెప్పలేం. చట్టం అడిగేది మాత్రం ఈ ఒక్క మనిషి గురించే.

కాబట్టి మూడవ ప్రశ్నకు నిజాయితీ గల జవాబు చాలాసార్లు 'కావచ్చు' అన్నదే అవుతుంది. ఆ 'కావచ్చు'ను ఏం చెయ్యాలన్నదే ఈ చరిత్ర అంతా.

కనిపించని గాయం

తెగిపోయిన చేతిని చూపించి పింఛను అడిగేవానికి వైద్యుని అభిప్రాయంతో పెద్దగా పని లేదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో 1862లో వచ్చిన పింఛను చట్టం కింద, అర్జీదారులను పరీక్షించడానికి ఊరూరా వైద్యులను నియమించారు. వారి దగ్గరికి గాయాలు లేని సైనికులు కూడా రాసాగారు. గుండె దడ, ఆయాసం, ఛాతీనొప్పి ఉంటాయి, పరీక్షిస్తే గుండెలో దోషం కనిపించదు. ఫిలడెల్ఫియాలోని సైనిక ఆసుపత్రిలో ఇలాంటి మూడు వందల మందిని చూసిన జేకబ్ డకోస్టా 1871లో ఆ స్థితి మీద ఒక పత్రం ప్రచురించాడు. ఆ మూడు వందలమందినీ అబద్ధాలకోరులని కొట్టిపారేయకుండా వరుసగా నమోదు చేయడమే ఆయన చేసిన గొప్ప పని. మొదటి ప్రపంచయుద్ధంలో అదే లక్షణాలు వేరే పేర్లతో తిరిగి వచ్చాయి. 1915 ఫిబ్రవరిలో ఛార్లెస్ మయర్స్ లాన్సెట్ పత్రికలో 'షెల్ షాక్' అన్న మాటను వైద్యప్రపంచానికి పరిచయం చేశాడు. 1922లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ మాటను వాడవద్దన్నది. మాట పోయింది కాని, రోగులు పోలేదు.

ఆ యుద్ధపు అధ్యాయమొకటి నేను ఈ వ్యాసం రాస్తున్న చోటికి ఉత్తరాన, కారులో కొన్ని గంటల దూరంలో జరిగింది. 1914 నవంబరులో భారత సైన్యం ఫావ్ దగ్గర దిగి బస్రాను పట్టుకుని, టైగ్రిస్ నది వెంబడి పైకి వెళ్ళింది. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29 వరకు కూత్ పట్టణంలో ముట్టడికి చిక్కి, ఆకలితో లొంగిపోయింది. మద్రాసు శాపర్లు కూడా ఆ మెసొపొటేమియా రంగంలో పని చేశారు.

కూత్ ముట్టడి పోషకాహార శాస్త్రంలో ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకునే ఘట్టం. తెల్లని మైదాపిండి రొట్టె తిన్న బ్రిటిష్ సైనికులకు బెరిబెరి వచ్చింది. పొట్టు తీయని గోధుమపిండి తిన్న భారతీయ సైనికులకు అది అంతగా రాలేదు. కాని గుర్రపు మాంసం తినడానికి మొదట చాలామంది ఒప్పుకోలేదు, కూరగాయలు లేవు, అందువల్ల వారిలో స్కర్వీ ప్రబలింది. ఒకే కోటలో, ఒకే ముట్టడిలో ఇద్దరికి రెండు రోగాలు. ఏ తూటా వల్లా వచ్చినవి కావు. కాళ్ళు వాచిన సైనికుణ్ణి ఒక్కణ్ణే చూసిన వైద్యుడు అతని శరీరతత్వాన్ని తప్పుపట్టవచ్చు. రేషను పట్టికను కూడా చూసిన వైద్యుడు కారణాన్ని కనుక్కోగలడు. సేవాకాలపు రికార్డు చదవనిదే సంబంధం గురించి మాట్లాడకూడదన్న సూత్రానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

రుజువు భారం చేతులు మారిన వైనం

లక్షలాది సైనికులు రోగాలతో ఇళ్ళకు చేరుతుంటే, బ్రిటన్ 1916లో పింఛన్లకు ప్రత్యేక మంత్రిత్వశాఖను ఏర్పాటు చేసింది. 1917 నాటి రాజశాసనంలో వైకల్యాన్ని 20 నుంచి 100 శాతం వరకు మెట్లుగా విభజించారు. అదే వయసున్న ఆరోగ్యవంతునితో పోల్చి శాతం నిర్ణయించాలన్నారు, సైనికుని సంపాదనతో సంబంధం పెట్టలేదు. సేవ వల్ల కలిగిన రోగానికే కాక, సేవ వల్ల ముదిరిన రోగానికీ పింఛను ఉంటుందన్న భావన ఈ కాలంలోనే స్థిరపడింది. హవల్దారుగారి కాగితం మీది రెండు మాటలూ అక్కడినుంచి వచ్చినవే. 1919లో పింఛను చట్టబద్ధమైన హక్కు అయింది. అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్‌లో ఒక న్యాయవాది, ఒక వైద్యుడు, వైకల్యం పొందిన ఒక మాజీ సైనికుడు ఉండాలన్నారు. వైద్యుని మాటే చివరి మాట కాకూడదని చట్టం ఆనాడే గుర్తించిందన్నమాట.

అయినా చాలాకాలం రుజువు చేయవలసిన భారం సైనికుని మీదే ఉండేది. రెండవ ప్రపంచయుద్ధం మధ్యలో, 1943 డిసెంబరు రాజశాసనంతో, అది తిరగబడింది. అర్జీదారు ఏదీ రుజువు చేయనక్కరలేదు. చేరేటప్పటి పరీక్షలో నమోదు కాని రోగం వల్ల సైనికుణ్ణి పంపించివేస్తే, కాదని చూపించేవరకు అది సేవ వల్లే వచ్చిందని భావించాలి. మిగిలే సమంజసమైన సందేహపు ప్రయోజనం సైనికునికే చెందాలి.

ఇక్కడ న్యాయశాస్త్రం చదివినవారికి కూడా తరచు తెలియని విషయం ఒకటుంది. క్రిమినల్ కేసులలో 'సమంజసమైన సందేహానికి తావులేని రుజువు' అంటే ఏమిటని అడిగితే, న్యాయవాదులు 1947 నాటి మిల్లర్ కేసును చెబుతారు. ఆ తీర్పు ఇచ్చినవాడు న్యాయమూర్తి డెన్నింగ్. అది హత్య కేసు కాదు, దొంగతనం కేసూ కాదు. అన్నవాహిక క్యాన్సరుతో మరణించిన ఒక సైనికుని భార్య పింఛను కోసం పెట్టుకున్న అప్పీలు. క్యాన్సరుకు కారణం తెలియదని వైద్యులు అంటున్నప్పుడు, ఆ 'తెలియదు' ఎవరి పక్షం కావాలన్నదే అక్కడి చర్చ. నీడలాంటి ఊహామాత్రపు సందేహాన్ని పక్కన పెట్టవచ్చునని, నిజమైన సందేహాన్ని పక్కన పెట్టరాదని ఆయన గీసిన గీత నేటికీ మన కోర్టులలో చెల్లుబాటులో ఉంది.

మన దేశంలో

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచి తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపుతున్న ఊరు. అలాంటి ఊళ్ళలో వైకల్య పింఛను అన్నది పుస్తకాల్లో చదివే విషయం కాదు. అది ఏ ఇంటికి వచ్చింది, ఏ ఇంటికి రాలేదు అన్నది ఊరంతటికీ తెలిసి ఉంటుంది.

మన సైన్యపు 1961 పింఛను నిబంధనలలో 173వది వైకల్య పింఛనుకు ఆధారంగా ఉండేది. సేవ వల్ల కలిగిన లేదా ముదిరిన వైకల్యం 20 శాతం, ఆపైన ఉండాలి. 1917 నాటి కనిష్ఠమెట్టు ఇక్కడా కనిపిస్తుంది. దీనికి తోడుగా 1982లో అర్హతా నియమాలు వచ్చాయి. చేరేటప్పుడు ఏ లోపమూ నమోదు కాకపోతే సైనికుడు ఆరోగ్యంగా ఉన్నట్టే భావించాలని 5వ నియమం, రుజువు భారం అర్జీదారు మీద లేదని 9వ నియమం, చేరేటప్పుడు నమోదు కాని రోగం సేవాకాలంలో పుట్టినట్టే భావించాలని 14వ నియమం చెప్పేవి. చేరేటప్పుడు పరీక్షలో కనుక్కోలేని రోగమని బోర్డు అనదలిస్తే, ఎందుకు కనుక్కోలేమో కారణాలు రాయవలసి ఉండేది. 1943 నాటి శాసనంతో ఉన్న పోలిక స్పష్టమే.

నియమాలు ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణ వేరుగా నడిచింది. బోర్డులు కారణం లేని ఒక వాక్యం రాయడం, పింఛను కార్యాలయం దాన్ని చూసి తిరస్కరించడం మామూలైంది. బోర్డు నిపుణుల సంఘం కాబట్టి దాని మాటకు ప్రాధాన్యం ఇవ్వాలని 2007లో కేశర్ సింగ్ కేసులో, 2009లో దామోదరన్ కేసులో సుప్రీంకోర్టు కూడా అన్నది. ఈ వాదనను తేలికగా తీసివేయలేం. సైన్యంలో ఉన్నంత మాత్రాన వచ్చిన ప్రతి జబ్బూ సైన్యం వల్ల వచ్చినది కాదు. ప్రజాధనం ఇచ్చేవారు అడిగి తెలుసుకోవడం సబబే.

ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013 జులై 2న వచ్చిన తీర్పు ఈ ప్రశ్నను మరో వైపునుంచి చూసింది. ఆయన 1985లో సిగ్నల్స్ కోర్‌లో చేరి, తొమ్మిదేళ్ళ తరువాత మూర్ఛవ్యాధి వల్ల 20 శాతం వైకల్యంతో బయటికి పంపబడ్డాడు. వ్యాధికి సేవతో సంబంధం లేదన్నది బోర్డు. సుప్రీంకోర్టు మూర్ఛవ్యాధి గురించి బోర్డుతో వాదించలేదు. చేరేటప్పటి కాగితంలో ఈ వ్యాధి ప్రస్తావన ఉందా అని చూసింది, లేదు. ముందునుంచీ ఉన్నదనడానికి బోర్డు కారణాలు రాసిందా అని చూసింది, లేదు. నియమాలు చెప్పిన భావనను తొలగించడానికి కారణం లేని అభిప్రాయం చాలదని చెప్పి పింఛను మంజూరు చేసింది. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులో అదే సూత్రాన్ని మరికొందరు సైనికులకు వర్తింపజేసింది. నిపుణుని మాటకు గౌరవం ఉంటుంది, కాని ఆ గౌరవం అతని హోదాను బట్టి కాక అతను చూపిన కారణాన్ని బట్టి వస్తుందన్నది ఈ తీర్పుల సారాంశంగా నాకు అర్థమైంది.

శాతం విషయంలోనూ మార్పు వచ్చింది. 50 లోపు వైకల్యాన్ని 50గా, ఆపైన 75 వరకు 75గా, దానికి పైనున్నదాన్ని 100గా లెక్కించే పద్ధతి సేవ మధ్యలో రోగంతో పంపబడినవారికే కాక, సర్వీసు ముగించుకున్నవారికీ వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 30, 40 శాతాల మధ్య తేడాను ఏ వైద్యుడూ కచ్చితంగా కొలవలేడన్న వాస్తవానికి ఇది చట్టం ఇచ్చిన జవాబు. 2009లో పని మొదలుపెట్టిన సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఇలాంటి కేసులు వింటుంది. తెలుగు రాష్ట్రాలు దాని చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. 2023 సెప్టెంబరు నుంచి కొత్త అర్హతా నియమాలు అమలులోకి వచ్చి కొన్ని పేర్లనూ పద్ధతులనూ మార్చాయి. దాన్ని గురించిన వాదోపవాదాలు ఇంకా సాగుతున్నాయి.

ఈ నేల మీది పొగ

ఇక నేనుంటున్న చోటికి వస్తాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైత్‌ను ఆక్రమించింది. 1991 ఫిబ్రవరి చివరలో వెనుదిరుగుతూ ఇరాకీ సేనలు ఆరు వందలకు పైగా చమురుబావులకు నిప్పు పెట్టాయి. మిష్రిఫ్‌కు దక్షిణాన ఉన్న బుర్గాన్ క్షేత్రం ఆ మంటల్లో ప్రధానమైనది. చివరి బావిని మూసింది 1991 నవంబరు 6న. అప్పటికి నేను ఆంధ్రలో వైద్యవిద్యార్థిని. పట్టపగలు వాహనాలు దీపాలు వేసుకుని నడుస్తున్న దృశ్యాన్ని టీవీలో చూసినవాణ్ణి. తరువాత అదే ఊళ్ళో ఇల్లు కట్టుకున్నంతగా స్థిరపడతానని అనుకోలేదు.

ఆ యుద్ధానికి వచ్చిన అమెరికా సైనికులు దాదాపు ఏడు లక్షలమంది. తిరిగి వెళ్ళాక వారిలో చాలామంది అలసట, కీళ్ళనొప్పులు, మతిమరుపు, నిద్రలేమి, విరేచనాలతో వైద్యుల దగ్గరకు వెళ్ళారు. పరీక్షలన్నీ మామూలుగా ఉండేవి. డకోస్టా చూసిన మూడు వందలమంది మళ్ళీ వచ్చినట్టయింది. విషవాయువు నుంచి రక్షణకని మింగించిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలు, పురుగుమందులు, చమురుపొగ, 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమిసియా వద్ద ఆయుధాలు పేల్చివేసినప్పుడు వెలువడిన విషవాయువు అన్నీ అనుమానితులే. కనీసం నాలుగో వంతు సైనికులకు ఈ జబ్బు నిజంగా ఉన్నదని, మాత్రలూ పురుగుమందులూ ముఖ్య కారణాలని 2008లో ప్రభుత్వ పరిశోధనా సలహాసంఘం నివేదించింది. అది ఆ యుద్ధం జరిగిన పదిహేడేళ్ళకు.

గమనించవలసినదేమంటే, చట్టం అంతకాలం ఆగలేదు. 1994లోనే అమెరికన్ కాంగ్రెస్ ఒక అరుదైన పని చేసింది. పేరు పెట్టలేని రోగానికి కూడా పింఛను ఇవ్వవచ్చునన్నది. గల్ఫ్ రంగంలో పని చేసి, ఆరు నెలలకు పైగా లక్షణాలుండి, వైద్యులు కారణం కనుక్కోలేకపోతే, సేవతో సంబంధాన్ని చట్టమే ముందుగా అంగీకరిస్తుంది. అంటే ఇక్కడ 'కారణం తెలియదు' అన్న వైద్యుని మాట అర్జీని కొట్టివేయదు, నిలబెడుతుంది. 2001 నాటి చట్టం ఫైబ్రోమయాల్జియా వంటి స్థితులను కూడా ఇందులో చేర్చింది.

మామూలు అర్జీలలో కూడా అమెరికా చట్టం అడిగేది యాభైకి యాభై మాత్రమే. సంబంధం ఉండడానికీ లేకపోవడానికీ అవకాశం సరిసమానమైతే సైనికుడు గెలుస్తాడు. క్రికెట్‌లో సందేహం వస్తే బ్యాటరుకు అనుకూలంగా చెప్పే అంపైరును తలచుకుంటే సరిపోతుంది. అమెరికాలోని వెటరన్స్ ఆసుపత్రులలో మన తెలుగు వైద్యులు ఎందరో పని చేస్తున్నారు. వారికి ఇది తెలిసిన విషయమే. అయినా వైద్యుని మనసు పరిశోధనాపత్రాల్లో చూసే 95 శాతపు నిశ్చయానికి అలవాటుపడినది. యాభై దగ్గర సంతకం పెట్టడానికి చెయ్యి రాదు. వెటరన్స్ అప్పీళ్ళ కోర్టు 2008లో నియేవెస్-రోడ్రిగెజ్ కేసులో, అభిప్రాయానికి విలువ ఫైలు చదివినందువల్ల కాక చూపిన కారణాల వల్ల వస్తుందని చెప్పింది. ధరమ్‌వీర్ సింగ్ తీర్పుకు అయిదేళ్ళ ముందు, వేరే ఖండంలో, దాదాపు అదే మాట.

చట్టం ఉన్నంతమాత్రాన పని జరగదు. అమెరికా ప్రభుత్వపు గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు 2017 నివేదిక ప్రకారం, 2015 ఆర్థిక సంవత్సరంలో గల్ఫ్ యుద్ధపు జబ్బుల అర్జీలలో ఆమోదం పొందినవి 17 శాతమే. ఇతర అర్జీలతో పోలిస్తే మూడో వంతు. ఈ జబ్బు గురించి వైద్యులకు తొంభై నిమిషాల శిక్షణ ఒకటి ఉండేది, అది ఐచ్ఛికం. 2017 ఫిబ్రవరి నాటికి దాన్ని పూర్తి చేసిన పరీక్షక వైద్యులు పదిమందిలో ఒకరు. కాంగ్రెస్ ఇచ్చినదాన్ని పరీక్షగది తిరిగి తీసుకున్నదనడానికి ఇంతకంటే వేరే ఆధారం అక్కరలేదు. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం ఈ వలను మరింత విస్తరించింది. 1990 ఆగస్టు 2 తరువాత కువైత్‌లో పని చేసిన అమెరికా సైనికునికి కొన్ని శ్వాసకోశ వ్యాధులు, క్యాన్సర్లు వస్తే, అవి ఈ గాలి వల్లే వచ్చాయని చట్టం ముందే ఒప్పుకుంటుంది.

ఆ గాలిని పీల్చినవారిలో సైనికులు కానివారూ ఉన్నారు. 1990లో ఇక్కడినుంచి లక్షా డెబ్భై వేలమంది భారతీయులు అమ్మాన్ మీదుగా ఇళ్ళకు చేరారు. వారి నష్టాలకు ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం స్థిరమొత్తాలు ఇచ్చింది. దేశం వదిలినందుకు ఒక్కో మనిషికి 2,500 డాలర్లు, తీవ్రమైన శరీరగాయానికి మరో 2,500. లక్షల అర్జీలను ఒక్కొక్కటిగా విచారించలేక, తేదీనీ సంఘటననూ చూపే మామూలు కాగితాలు చాలన్నారు. అదీ సందేహాన్ని బాధితుని పక్షాన పెట్టిన పద్ధతే. కాని మంటలు ఆరకముందే పనికి తిరిగి వచ్చి, ఆ పొగలో నెలల తరబడి పని చేసిన కూలివానికి ఏ పాక్ట్ చట్టమూ వర్తించదు. ఈ రోజు అతను దగ్గుతూ మన ఊళ్ళో ఆసుపత్రికి వెళితే, ఆ వైద్యుడు ఏమడుగుతాడు? నేను రైసుమిల్లు కార్మికుణ్ణి అడిగినట్టే, బీడీలు కాలుస్తావా అని అడుగుతాడు.

వైద్యుడు రాయవలసినది

ఈ చదువంతా అయ్యాక నాకు మిగిలిన నియమాలు నాలుగు. అడిగిన ప్రశ్న ఏమిటో, అది ఏ చట్టం కిందిదో ముందు తెలుసుకోవాలి. చేరినప్పటి కాగితం, పోస్టింగుల వివరాలు చదవకుండా సంబంధం గురించి రాయకూడదు. 'కలిగినది కాదు' అని రాశాక 'ముదిరినదీ కాదు' అన్నదానికి వేరుగా కారణం వెతకాలి, ఎందుకంటే అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. శరీరతత్వపు రుగ్మత అన్న మాట మొదటిదానికి జవాబు కావచ్చునేమో కాని, రెండవదానికి ఎప్పుడూ జవాబు కాదు. ఇక తెలియనిదాన్ని తెలియదనే రాయాలి. ఆ 'తెలియదు' ఎవరికి చెందాలో చట్టం చూసుకుంటుంది. ఆ నిర్ణయాన్ని మనం రహస్యంగా చేసేయకూడదు.

హవల్దారుగారు రెండవసారి వచ్చినప్పుడు ఇద్దరం ఆ ఫైలును తేదీల వరుసలో పెట్టాం. 2006కు ముందు పన్నెండేళ్ళలో జరిగిన వార్షిక పరీక్షలలో రక్తపోటు మామూలుగా ఉంది. మొదటిసారి ఎక్కువగా నమోదైనది ఎత్తైన ప్రాంతంలో, పోస్టింగు మొదలైన పదకొండు నెలలకు. తండ్రికి రక్తపోటు ఉండేదని ఆయనే చెప్పారు. అదీ రాశాను, దాచలేదు. అలాంటి వారసత్వం ఉన్నవానికి ఆ ఎత్తు, ఆ చలి, ఆ ఒత్తిడి వ్యాధిని తొందరపెట్టలేదని, ముదిరించలేదని చెప్పడానికి బోర్డు పత్రంలో కారణం కనిపించలేదని రెండు పేజీలలో రాసి ఇచ్చాను. అది వల్లే వచ్చిందని నేను రాయలేదు. అలా అనగలిగినంత నాకు తెలియదు.

ఇంత ఆలస్యానికి మూల్యం ఉంది. ఇలాంటి పింఛను కేసులలో అర్జీకి ముందటి మూడేళ్ళ బకాయి మాత్రమే ఇవ్వాలని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆయన గెలిచినా, 2011 నుంచి పోయిన సంవత్సరాలలో ఎక్కువ భాగం తిరిగి రాదు. ఈ సంగతి చెబితే, "ఎవరూ చెప్పలేదండి" అన్నారు. ఫైలు చెన్నైలోని వకీలుగారికి వెళ్ళింది. ఇంకా విచారణకు రాలేదు.

ఆ ఫైలులో అన్నిటికంటే అడుగున ఒక పల్చని కాగితం ఉంది. 1994లో రిక్రూట్‌మెంటు నాటి వైద్యపరీక్ష పత్రం. ఎవరో యువవైద్యుడు పొడవు, బరువు, ఛాతీ కొలత, రక్తపోటు రాసి, కింద 'ఫిట్' అని ఒక్క మాట రాసి సంతకం పెట్టాడు. ఆ రోజు ఆయన ముందు వరుసలో వందమంది నిలబడి ఉంటారు. ముప్పయ్యేళ్ళ తరువాత ఈ మనిషి కేసు తన ఒక్క మాట మీద నిలబడుతుందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. రైసుమిల్లు కార్మికుని కాగితం మీద నేను రాసిన మాట కూడా ఎక్కడో ఒక ఫైలులో అడుగున ఉండే ఉంటుంది.